తాంబూలాలకు ముందే తేలాల్సిన మాటలు

మన ఇళ్లలో పెళ్లి కుదిరే ముందు మాటలకు కొదవ ఉండదు. కట్నం, బంగారం, ఆడపడుచు లాంఛనాలు, ఫంక్షన్ హాలు ఖర్చు ఎవరిది, భోజనాలకు ఎంతమంది వస్తారు, రిసెప్షన్ ఎవరి ఊళ్లో అంటూ ఒక్కో విషయం మీద పూటలకు పూటలు చర్చ నడుస్తుంది. మధ్యవర్తి అటూ ఇటూ పదిసార్లు తిరుగుతాడు. లక్ష రూపాయల దగ్గర తెగక ఆగిపోయిన సంబంధాలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. ఇంత చర్చలో ఆ ఇద్దరి వాటాకు వచ్చేది మేడ మీద ఒక పావుగంట. "ఏమైనా అడగాలనుకుంటే అడుగమ్మా, మొహమాటపడకు" అని పిన్నో వదినో చెప్పి తలుపు దగ్గరగా వేసి వెళ్తుంది. ఆఫీసు ఎక్కడ, ఏ సినిమాలు ఇష్టం, వంట వచ్చా అనేసరికి కాఫీ కప్పులు తీసుకెళ్లే మిషతో ఎవరో ఒకరు పైకి వస్తారు.

నిశ్చితార్థం అయ్యాక ఫోన్లుంటాయి కదా అంటారు. ఉంటాయి. అర్ధరాత్రి దాకా మాట్లాడుకునే జంటలే ఎక్కువ. అయితే తాంబూలాలు మార్చుకున్నాక అడిగే ప్రశ్నకూ, ముందు అడిగే ప్రశ్నకూ చాలా తేడా ఉంది. హాలుకు అడ్వాన్సు ఇచ్చేశారు, శుభలేఖలు అచ్చుకు వెళ్లాయి, అమ్మ చుట్టాలందరికీ చెప్పేసింది. ఆ దశలో "పెళ్లయ్యాక నేను ఉద్యోగం మానను, మీకు సమ్మతమేనా" అని అడిగితే, కాదన్న జవాబు వచ్చినా ఆ అమ్మాయి చేయగలిగింది పెద్దగా ఉండదు. అందుకే చాలామంది అడగరు. తర్వాత చూసుకుందాం అనుకుంటారు.

ఆ "తర్వాత" గురించే నా అభ్యంతరమంతా. మాట్లాడుకోకుండా వదిలేసిన విషయం తేలకుండా మిగిలిపోదు. అది పాత పద్ధతిలో ఎప్పుడో తేలిపోయి ఉంటుంది. ఎవరి ఊరికి ఎవరు వెళ్లాలి, ఎవరి ఉద్యోగం ఆగాలి, ఎవరి తల్లిదండ్రులను ఎవరు చూడాలి అన్నవాటికి మన సమాజం దగ్గర జవాబులు సిద్ధంగానే ఉన్నాయి. ఇద్దరూ నోరు విప్పకపోతే ఆ జవాబులే అమలవుతాయి. కాబట్టి మాట్లాడుకోకపోతే నష్టం ఇద్దరికీ సమానమని అనుకోవద్దు. ఎక్కువగా నష్టపోయేది అమ్మాయే.

ఈ బేరం ఎవరు ఆడాలన్న ప్రశ్న మనకు కొత్తది కాదు. 1892లో విజయనగరంలో తొలిసారి ఆడి, 1897లో అచ్చయిన "కన్యాశుల్కం" నాటకమంతా పెళ్లి బేరం చుట్టూ తిరిగేదే. అందులో అందరూ మాట్లాడతారు, పెళ్లికూతురు సుబ్బికి మాత్రం మాట లేదు, అది పసిపిల్ల. అంతకు ముందే, 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించారు. 1929లో బాల్యవివాహాలను అరికట్టే శారదా చట్టం వచ్చింది. స్వాతంత్ర్యం తర్వాత హిందూ వివాహ చట్టం 1955లో వచ్చింది. త్రిపురనేని రామస్వామి చౌదరి పెళ్లి తంతునే తెలుగులో రాశారు, వధూవరులకు తాము పలుకుతున్న మాట అర్థం కావాలని. ఈ సంస్కరణలన్నీ కలిసి పెళ్లికూతురి వయసు పెంచాయి, ఆమె ఒప్పుకోలుకు విలువ తెచ్చాయి. ఒప్పుకోవడం దాకా వచ్చాం. షరతులు మాట్లాడుకోవడం దాకా ఇంకా రాలేదు.

వయసు విషయమైనా పూర్తిగా గట్టెక్కామా అంటే లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 20–24 ఏళ్ల స్త్రీలలో పద్దెనిమిది నిండకముందే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. ఆ పిల్లలకు ఈ వ్యాసంలోని ఏ సలహా పనికిరాదు. వాళ్లకు కావాల్సింది పెళ్లి ఆపే మనిషి. పెద్దవాళ్లయ్యాక పెళ్లి చేసుకునే వారిలోనూ మాట చెల్లే స్త్రీలు తక్కువే. 2011–12లో జరిగిన భారత మానవాభివృద్ధి సర్వేలో, భర్తను పూర్తిగా తానే ఎంచుకున్నానన్న స్త్రీలు నూటికి అయిదుగురే.

ఇక అసలు విషయాలకొస్తే, అన్నిటికన్నా ముందు వచ్చేది కాపురం ఎక్కడ, ఉద్యోగం ఎవరిది అన్న ప్రశ్న. దీని మీద ఎక్కువసేపు ఆగుతాను, మిగతా చిక్కులు చాలావరకు దీని నుంచే పుడతాయి కాబట్టి.

1970ల చివర్లో రెండు పొరుగు హైకోర్టులు ఒకే రకం తగాదాను విచారించాయి. రెండూ 1964లో జరిగిన పెళ్లిళ్లే. రెండింటిలోనూ భార్య టీచరు, పెళ్లినాటికే ఉద్యోగంలో ఉంది. భర్త కాపురం మరోచోట. ఉద్యోగం వదిలి నా దగ్గరికి రమ్మని భర్త, రానని భార్య. పంజాబ్–హర్యానా హైకోర్టు ఫుల్ బెంచి 1977లో భర్త పక్షాన తీర్పు చెప్పింది. ఉద్యోగం చేస్తున్న అమ్మాయినని తెలిసే పెళ్లాడినా, ఆమెను తన ఇంటికి రమ్మనే హక్కును భర్త వదులుకున్నట్టు కాదంది. మరుసటి ఏడు ఢిల్లీ హైకోర్టు దీనికి ఎదురు మాట చెప్పింది. సునాంలో ప్రధానోపాధ్యాయురాలిగా పర్మనెంటు ఉద్యోగం చేస్తున్న స్త్రీ, ఢిల్లీలో ఉన్న భర్త కోసం దాన్ని వదలాలని ఏ చట్టమూ చెప్పడం లేదని, కాపురం ఎక్కడో నిర్ణయించే హక్కు భర్తకొక్కడికే ఉందనడం సమానత్వ హక్కుకు విరుద్ధమని జస్టిస్ వి.ఎస్. దేశ్‌పాండే రాశారు. ఆ తీర్పులో నన్ను ఆపేసిన మాట ఇంకొకటి ఉంది. కాపురం ఎక్కడ పెట్టాలన్నది ఆ దంపతులు పెళ్లికి ముందు గాని తర్వాత గాని తేల్చుకోలేదని కోర్టు ప్రత్యేకంగా గుర్తుచేసింది. ఒక్క సాయంత్రం కూర్చుని మాట్లాడుకుంటే తేలేది, కాకుంటే పెళ్లే వద్దనుకునేది, హైకోర్టు దాకా వెళ్లింది.

కాపురానికి రమ్మని కోర్టు ద్వారా ఆదేశించే హిందూ వివాహ చట్టం సెక్షన్ 9నే 1983లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ పి.ఎ. చౌదరి కొట్టేశారు. ఇష్టం లేని మనిషిని కాపురానికి పంపడం ఆమె శరీరం మీద ఆమెకున్న అధికారాన్ని లాక్కోవడమేనన్నది ఆ తీర్పు సారం. మరుసటి సంవత్సరమే సుప్రీంకోర్టు మరో కేసులో ఆ సెక్షన్‌ను నిలబెట్టింది. అది ఇంకా చట్టంలో ఉంది.

ఇవి పాత కేసులని తోసేయలేం. డీఎస్సీలో ఉద్యోగం తెచ్చుకున్న అమ్మాయిల తల్లిదండ్రులను అడగండి. టీచరు ఉద్యోగం జిల్లా కేడరు. ఒంగోలు దగ్గర మండల పరిషత్ పాఠశాలలో పనిచేసే అమ్మాయికి హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ సంబంధం వస్తే, పెళ్లిచూపుల్లో అందరూ అనే మాట ఒకటే: "ట్రాన్స్‌ఫర్ చూసుకోవచ్చులెండి." ఎలా చూసుకుంటారు? రాష్ట్రమే వేరు. ఒకే రాష్ట్రంలో ఉన్నా బదిలీల్లో భార్యాభర్తలకిచ్చే స్పౌజ్ పాయింట్లు ఇద్దరూ ప్రభుత్వ, ప్రభుత్వ రంగ ఉద్యోగులైనప్పుడు పనికొస్తాయి. భర్త ప్రైవేటు కంపెనీలో ఉంటే పనికిరావు. ఇద్దరూ ప్రభుత్వోద్యోగులైన చోటా గ్యారంటీ లేదు. తెలంగాణలో 2021 డిసెంబరులో వచ్చిన 317 జీవో కింద కొత్త జిల్లాలకు కేటాయింపులు జరిగినప్పుడు భార్య ఒక జిల్లాకు, భర్త మరో జిల్లాకు పోయారు. "స్పౌజ్ బదిలీలు" అన్న డిమాండుతో ఆ దంపతులు పిల్లలను వెంటబెట్టుకుని ధర్నాలు చేశారు. పెళ్లికి ముందు ఈ సర్వీసు నిబంధనలు చదివే జంట ఎక్కడైనా ఉందా? జాతకంలో కుజదోషం చూసేంత శ్రద్ధతో బదిలీ నిబంధన కూడా చూడాల్సిందే. చూశాక కుదరదని తేలితే, అయిదేళ్లు వేర్వేరు ఊళ్లలో ఉండటానికి ఇద్దరూ సిద్ధమేనా, లేదా అబ్బాయి విజయవాడకో ఇంటి నుంచి పనికో మారతాడా అన్నది మాట్లాడుకోవచ్చు. "అబ్బాయి మారడం" అన్న ముక్క చర్చలోకి రావడమే ఇక్కడ అసలు మార్పు.

అమ్మాయిల ఉద్యోగాలు పెళ్లితో ఎలా జారిపోతున్నాయో ప్రపంచ బ్యాంకు 2024 అక్టోబరు నివేదికలో ఉంది. భారతదేశంలో పెళ్లయ్యాక ఉద్యోగాల్లో ఉన్న స్త్రీల శాతం 12 పాయింట్లు పడిపోతోంది. అంటే పెళ్లికి ముందు పనిచేసిన వారిలో దాదాపు మూడో వంతు. పిల్లలు పుట్టకముందే ఈ పడిపోవడం జరుగుతోంది. పిల్లల కోసం మానేసిందన్న సమాధానం చాలదన్నమాట. ఇంట్లో పని ఎవరి మీద పడుతోందో 2024 సమయ వినియోగ సర్వే చెబుతోంది: ఇంటి పని చేసే స్త్రీలు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తే, చేసే మగవాళ్లు 88 నిమిషాలు. "మా వాడు ఉద్యోగానికి అడ్డు చెప్పడండీ" అని కాబోయే అత్తగారు అన్నప్పుడు, ఉదయం ఆరింటికి వంటగదిలో ఎవరుంటారని ఎవరూ అడగరు. ఉద్యోగం చేయనివ్వడమే పెద్ద మనసైతే, అది ఒప్పందం కాదు, అనుమతి. అనుమతిని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు.

అమెరికా సంబంధాలది ఇదే కథ, ఇంకాస్త దూరంలో. హెచ్‌1బి మీద ఉన్న అబ్బాయిని చేసుకుని హెచ్‌4 మీద వెళ్లే అమ్మాయికి, వెళ్లిన రోజు నుంచే పనిచేసే హక్కు రాదు. 2015 మే 26 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం, భర్త గ్రీన్‌కార్డు ప్రక్రియ ఐ–140 ఆమోదం దాకా వెళ్తే, లేదా ఆ ప్రక్రియ వల్ల ఆరేళ్లు దాటి హెచ్‌1బి పొడిగింపు దొరికితేనే ఆమె పని అనుమతికి దరఖాస్తు చేయగలదు. ఏ ఒక్క దేశానికీ ఏడు శాతం మించి గ్రీన్‌కార్డులు ఇవ్వని పద్ధతి వల్ల భారతీయుల నిరీక్షణ దశాబ్దాలకు చేరింది. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్‌1బి దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించాక అనిశ్చితి ఇంకా పెరిగింది. అయినా పెళ్లి మాటల్లో వినిపించేది ప్యాకేజీ, సొంత ఇల్లు, ఏ రాష్ట్రంలో ఉంటున్నాడన్నదే. ఐ–140 అయిందా అని అడగడం మర్యాద తక్కువతనం కాదు. హైదరాబాద్‌లో టీమ్ లీడ్‌గా ఉన్న అమ్మాయి డల్లాస్ అపార్టుమెంటులో ఎన్నేళ్లు జీతం లేకుండా గడపాలన్నది ఆ ఒక్క జవాబు మీద ఆధారపడి ఉంది. అలాగే ఆ అబ్బాయి ఎప్పటికైనా తిరిగి రావాలనుకుంటున్నాడా, అమ్మాయికి తిరిగి రావాలని ఉందా అన్నదీ. "రెండేళ్లు ఉండి వచ్చేస్తాం" అన్న మాట ఎంతమంది విని, పిల్లలు అక్కడి బడిలో చేరాక మరిచిపోయారో లెక్కలేదు.

తల్లిదండ్రుల విషయం మాట్లాడటం మరీ కష్టం, అందులో ప్రేమా భయమూ రెండూ కలిసి ఉంటాయి. "మా అమ్మానాన్నలు మాతోనే ఉంటారు" అని అబ్బాయి అనడం సహజంగా వినిపిస్తుంది. అదే మాట అమ్మాయి అంటే గదిలో ఒక్కసారి నిశ్శబ్దం. 2019–21 సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు, తెలంగాణలో 1.8. ఒక్క ఆడపిల్లతో, ఇద్దరు ఆడపిల్లలతో ఆపేసిన ఇళ్లు ప్రతి వీధిలో ఉన్నాయి. ఆ తల్లిదండ్రులకు డెబ్బై ఏళ్లు వచ్చినప్పుడు ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్తారు? కొడుకుల ఇళ్ల లెక్క ప్రకారం కట్టుకున్న పద్ధతి కూతుళ్లు మాత్రమే ఉన్న ఇళ్లకు జవాబు చెప్పలేకపోతోంది.

చట్టం కూడా ఇక్కడ పాత పద్ధతి వైపే మొగ్గుతూ వచ్చింది. 1901లో కలకత్తా హైకోర్టు ముందుకు ఒక ఒప్పందం వచ్చింది. అత్తవారింట్లోనే ఉంటానని, భార్యను అక్కడి నుంచి ఎన్నటికీ తీసుకెళ్లనని పెళ్లికి ముందు భర్త రాసి ఇచ్చిన పత్రమది. మన ఇల్లరికం లాంటిదే. అలాంటి ఒప్పందం హిందూ ధర్మశాస్త్రానికీ, ప్రజాహితానికీ విరుద్ధం, చెల్లదని కోర్టు తేల్చింది. నూట పదిహేనేళ్ల తర్వాత, 2016 అక్టోబరులో, సుప్రీంకోర్టు ఒక విడాకుల కేసులో, తగిన కారణం లేకుండా తల్లిదండ్రుల నుంచి విడిపోదామని భర్తను పదేపదే ఒత్తిడి చేయడం క్రూరత్వమేనంది. పెళ్లయ్యాక భార్య భర్త కుటుంబంలో భాగమవుతుందన్న భావన ఆ తీర్పుకు ఆధారం. వృద్ధులను వదిలేయకూడదన్న మాట నాకూ సమ్మతమే. ఆ ధర్మం కొడుక్కే ఉంటుంది, కూతురికి ఉండదు అన్నట్టుగా వినిపించే భాగం మాత్రం సమ్మతం కాదు. ఒకే అపార్టుమెంటులో రెండు ఫ్లాట్లు తీసుకుని ఇరువైపుల పెద్దలనూ దగ్గర పెట్టుకున్న జంటలు హైదరాబాద్‌లో కనిపిస్తున్నాయి. ఆ ఏర్పాటు వాళ్లకు గాలివాటంగా దొరకలేదు. ఎవరో ఒకరు ముందుగా నోరు తెరిచి అడిగారు.

డబ్బు గురించి మన పెళ్లిళ్లలో చాలా మాట్లాడతారు, కాని ఆ ఇద్దరి డబ్బు గురించి కాదు. వరకట్న నిషేధ చట్టం వచ్చింది 1961లో. పెళ్లిలో ఇచ్చే కానుకల జాబితా రాసి వధూవరులు సంతకాలు చేయాలన్న నిబంధన 1985 నుంచి ఉంది. ఆ జాబితా రాసిన ఇల్లు నాకింతవరకు తారసపడలేదు. ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1986లో తెచ్చిన సవరణ చట్టం, కేంద్రం కన్నా దాదాపు ఇరవై ఏళ్ల ముందే, ఆనాటికి పెళ్లికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన వాటా ఇచ్చింది. అయినా "కట్నం ఇచ్చాం కదా, ఇక వాటా ఏమిటి" అన్న అన్నల మాట ఇప్పటికీ చెల్లుతోంది. కట్నం వద్దనడమే ఆదర్శమని ఆగిపోయే అబ్బాయిలకు నేను చెప్పేది, అది చట్టం ఎటూ చెప్పిన పని. తర్వాతి ప్రశ్నలకు రండి. చదువు అప్పు ఎవరికి ఎంతుంది? ఇంటి ఈఎంఐ ఎవరి పేరున, ఇల్లు ఎవరి పేరున? అమ్మాయి తన జీతంలోంచి తల్లిదండ్రులకు పంపుతున్న డబ్బు పెళ్లయ్యాకా పంపుతుందా? తమ్ముడి ఫీజు కడుతున్న అక్కలు మనకు వేలల్లో ఉన్నారు. ఆ మాట పెళ్లిచూపుల్లో చెప్పడానికి వాళ్లు భయపడతారు. చెప్పకుండా పెళ్లి చేసుకుని, ఆ తర్వాత దొంగచాటుగా పంపుతూ ఏళ్లు గడుపుతారు. తన సంపాదనను తనే దాచుకుని ఇవ్వాల్సిన పరిస్థితి ఏ మనిషికీ రాకూడదు.

పిల్లల గురించి తక్కువ చెబుతాను. ఇది మరీ సున్నితమైనది, జంట జంటకూ మారేది. అయితే చట్టం దీన్ని ఎంత గట్టిగా పట్టించుకుంటుందో తెలియాలి. పిల్లలు వద్దని భార్యాభర్తల్లో ఒకరు ఏకపక్షంగా నిర్ణయించుకోవడం మానసిక క్రూరత్వం కిందికి రావచ్చని 2007లో సుప్రీంకోర్టు చెప్పింది. అదే మాట పెళ్లికి ముందు చెప్పుకుని ఇద్దరూ ఒప్పుకుంటే దాన్ని ఎవరూ తప్పుబట్టరు.

దీని పక్కనే ఆరోగ్యం. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్న సామెతను మనవాళ్లు జబ్బుల విషయంలో అక్షరాలా పాటించారు. మూర్ఛ, థైరాయిడ్, మానసిక వైద్యం, మొదటి నిశ్చితార్థం చెడిపోవడం అన్నీ దాచేవే. 1976 సవరణ తర్వాత హిందూ వివాహ చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం, అవతలి వ్యక్తికి సంబంధించిన ముఖ్యమైన విషయాన్ని మోసంతో దాచి ఒప్పుకోలు తీసుకుంటే, మోసం బయటపడ్డ ఏడాదిలోపు ఆ పెళ్లిని రద్దు చేయమని కోర్టుకు వెళ్లవచ్చు. కోర్టు సంగతి అలా ఉంచి, పుట్టబోయే బిడ్డ సంగతి చూడండి. సికిల్ సెల్ జన్యువు ఉన్న ఇద్దరు పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఆ వ్యాధి వచ్చే అవకాశం నూటికి ఇరవై అయిదు. అందుకే 2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం గిరిజన ప్రాంతాల్లో పరీక్షలు చేసి కార్డులిస్తోంది. పెళ్లి మాటల్లో ఆ కార్డులు పక్కపక్కన పెట్టి చూసుకోవాలన్నది ఉద్దేశం. మన్యంలో మొదలైన ఈ అలవాటు పట్నాలకూ రావాలి. మేనరికాలు ఇంకా జరిగే కుటుంబాల్లో మరీ అవసరం.

మాటలను కాగితం మీద పెట్టే అలవాటు మన మధ్యే కొందరికి ఉంది. ముస్లింల నికా స్వభావరీత్యానే ఒప్పందం. మెహర్ ఎంతో పెళ్లినాడే తేలుతుంది. రెండో పెళ్లి చేసుకోనని, చేసుకుంటే విడాకులు తీసుకునే అధికారం భార్యకే ఇస్తానని నికానామాలో షరతు రాయించుకునే వీలు, తలాఖ్–ఎ–తఫ్వీజ్ పేరుతో, పాత కాలం నుంచీ ఉంది. హైదరాబాద్ పాతబస్తీ పెళ్లిళ్లలో దాన్ని వాడుకునేవారు బహు తక్కువ. మెహర్ అంకె తప్ప మిగతా గడులు ఖాళీగా ఉంటాయి. క్యాథలిక్ చర్చిలో పెళ్లికి ముందు జంటకు శిక్షణ తరగతులుంటాయి, గుడిలో వివాహ ప్రకటనలు చదువుతారు, ఇష్టపూర్వకంగానే చేసుకుంటున్నారా అని ఇద్దరినీ విడివిడిగా అడుగుతారు. గోవాలో పోర్చుగీసు కాలం నాటి పౌరస్మృతి ప్రకారం ఆస్తి ఎలా పంచుకుంటారో పెళ్లికి ముందే నమోదు చేసుకోవచ్చు. మిగతా దేశంలో హిందువులకు అలాంటి ముందస్తు ఒప్పందం కోర్టులో నిలుస్తుందన్న భరోసా లేదు. 1872 కాంట్రాక్టు చట్టంలోని 23వ సెక్షన్, ప్రజాహితానికి విరుద్ధమన్న కారణం, అడ్డుగా నిలుస్తాయి. ఇలాంటి పత్రాలు సినిమా తారలకూ కోటీశ్వరులకూ తప్ప మనకెందుకని తీసిపారేయకండి. కోర్టులో చెల్లకపోయినా, ఇద్దరూ కూర్చుని రాసుకున్న ఒక పేజీ ఎవరు ఏం మాట ఇచ్చారన్నదానికి సాక్ష్యం. మాట మీద నిలబడటానికి విలువిచ్చే మన ఇళ్లలో దానికి బలం ఉంటుంది.

ముందు మాట్లాడుకుంటే నిజంగా మేలు జరుగుతుందా? అమెరికాలో నాలుగు రాష్ట్రాలలో మూడు వేల మందికి పైగా పెద్దవాళ్లను అడిగి 2006లో వెలువరించిన అధ్యయనంలో, పెళ్లికి ముందు శిక్షణ పొందినవారు విడాకులు తీసుకునే అవకాశం 31 శాతం తక్కువగా కనిపించింది. శిక్షణకు వెళ్లేవాళ్లు ముందే కాస్త జాగ్రత్తపరులై ఉంటారన్నది దీనికి న్యాయమైన అభ్యంతరం. వాట్సాప్‌లో తిరిగే ఇంకో మాట, పెద్దలు కుదిర్చిన పెళ్లిళ్లలో ప్రేమ ఏళ్లు గడిచేకొద్దీ పెరుగుతుందని రుజువైందన్నది. దానికి మూలం 1982లో జైపూర్‌లో యాభై జంటల మీద జరిగిన చిన్న పరిశీలన. యాభై జంటలను చూసి దేశం మొత్తానికి తీర్పు చెప్పలేం. దంపతుల తగవుల మీద దశాబ్దాలు పనిచేసిన జాన్ గాట్‌మన్ చెప్పిన మాట నాకు ఎక్కువ పనికొచ్చింది. దంపతుల మధ్య గొడవలలో దాదాపు 69 శాతం ఎన్నటికీ పూర్తిగా తీరవట, స్వభావాల తేడా వల్ల మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటాయట. అలాంటప్పుడు పెళ్లికి ముందు అన్నీ తేల్చేసుకోవడం ఎవరి వల్లా కాదు. ఏ తేడాతో జీవితమంతా కలిసి నడవగలమో, ఏ తేడాతో నడవలేమో గుర్తుపట్టడం మాత్రం సాధ్యమే.

ప్రేమ పెళ్లిళ్లకు ఈ బాధ లేదనుకునేవారున్నారు. నాకు తెలిసినంతలో అక్కడ ఈ మాటలు ఇంకా తక్కువ. నాలుగేళ్లు కలిసి తిరిగినవాళ్లు, ఇంట్లో ఒప్పించడానికే శక్తినంతా ఖర్చు చేస్తారు. కులం అడ్డు దాటడమే గెలుపు అనిపిస్తుంది. పెద్దలు ఒప్పుకోగానే, ఆ కృతజ్ఞతలో, అబ్బాయి ఇంటి పద్ధతులన్నిటికీ అమ్మాయి తలూపుతుంది. ఇంటిపేరు, పూజలు, తిండి, అత్తవారి ఊరి పండుగలు అన్నీ. ఇష్టపడి చేసుకున్నావు కదా, ఇప్పుడు సర్దుకో అనే మాట ఆమెకు రెండింతలు బలంగా తగులుతుంది, పుట్టింటివారు కూడా అదే అంటారు కాబట్టి. 2016లో వచ్చిన "పెళ్లిచూపులు" సినిమా అంత ఆదరణ పొందడానికి ఒక కారణం ఇదేనేమో. గదిలో ఇరుక్కుపోయిన ఆ ఇద్దరూ ఒకరినొకరు మెప్పించాల్సిన పని లేక, చేయాలనుకున్న పనుల గురించీ ఓడిపోయిన చోట్ల గురించీ నిజం చెప్పుకున్నారు.

2019 చివర, 2020 మొదట్లో అమెరికాకు చెందిన ప్యూ పరిశోధన సంస్థ దాదాపు 30 వేల మంది భారతీయులను అడిగింది. భార్య ఎప్పుడూ భర్త మాట వినాలన్నవారు 87 శాతం. పిల్లల పెంపకం ఇద్దరి బాధ్యత అన్నవారు అదే సర్వేలో 62 శాతం. ఈ రెండూ ఒకే మనసులో ఉన్నాయి. మన అబ్బాయిల్లో చాలామంది అక్కడే ఉన్నారు. భార్య ఉద్యోగం చేయాలి, అమ్మ చెప్పినట్టూ వినాలి. పాప డైపరు తాను మారుస్తాడు, ఆఖరి నిర్ణయమూ తనదే కావాలి. వీళ్లు చెడ్డవాళ్లు కారు. ఎవరూ ఎదురుగా కూర్చోబెట్టి, ఈ రెండింటిలో ఏది నిజంగా నీ మాట అని అడగలేదు.

రాజీ పడటాన్ని నేను తప్పుపట్టడం లేదు. రాజీ లేని కాపురం లేదు. కాని ఇచ్చిపుచ్చుకునేదే రాజీ అవుతుంది, ఒకరే ఇస్తూ పోతే దానికి ఆ పేరు తగదు. అమ్మాయి ఊరు మారితే అబ్బాయి ఏం మార్చుకుంటున్నాడు? ఆమె రెండేళ్లు ఉద్యోగం ఆపితే, ఆ రెండేళ్ల తర్వాత ఎవరు ఏం చేస్తారన్నది పలికారా? గడువు లేని త్యాగం కొన్నాళ్లకు హక్కుగా మారిపోతుంది, ఎదుటివాళ్లకు. అబ్బాయిలకూ ఇదే వర్తిస్తుంది. ఇంటి భారమంతా నీదే, జీతం తగ్గకూడదు, ఇష్టమైన పని కోసం ఉద్యోగం వదలకూడదు అన్న షరతును పాతికేళ్ల కుర్రాడి మీద మనమే ఎవరినీ అడగకుండా పెట్టేశాం. అతను దాన్ని దింపుకోవాలన్నా ముందు మాట్లాడాల్సిందే.

పెద్దలకు నా విన్నపం ఒకటే. పెళ్లిచూపులకూ తాంబూలాలకూ మధ్య కనీసం నెల రోజులు ఉంచండి. ఆ నెలలో ముహూర్తాలు వెతకొద్దు, హాలుకు అడ్వాన్సు ఇవ్వొద్దు, చుట్టాలకు చెప్పొద్దు. ఆ ఇద్దరినీ బయట కలుసుకోనివ్వండి, ఒకసారి కాదు, నాలుగైదుసార్లు. కాపురం ఎక్కడ, ఇద్దరి ఉద్యోగాలూ ఏమవుతాయి, ఇరువైపుల తల్లిదండ్రులను ఎవరు ఎలా చూస్తారు, అప్పులెంత, పిల్లలు ఎప్పుడు, దాచకూడని జబ్బులేమిటి అన్నవి వాళ్లను మాట్లాడుకోనివ్వండి. తేల్చుకున్నది రెండు కుటుంబాల ముందూ ఇద్దరూ తమ నోటితో చెప్పాలి, అప్పుడే మూడేళ్ల తర్వాత ఎవరూ "మేమలా అనుకోలేదు" అనలేరు. ఆ నెల చివర సంబంధం వద్దనుకుంటే, దాన్ని పరువు పోయినట్టు చూడకండి. పెళ్లికి ముందు ఆగిన సంబంధం ఎవరి జీవితాన్నీ పాడుచేయదు. మీ అమ్మాయికి గాని అబ్బాయికి గాని ఈ ఏడాది సంబంధాలు చూస్తుంటే, ఆ నెల రోజులు ఇప్పుడే మాట ఇవ్వండి.